కండ కణాల ఒక్కపొద్దు

రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా ఎవరైనా "ఈ రోజు నేను ఒక్కపొద్దు" అంటే నాకు ముందుగా వచ్చేది భక్తి కాదు, చిరాకు. తిరుపతిలో కాపురముంటూ ఆ మాటకు చిరాకు పడడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి. శనివారం వచ్చిందంటే వీధిలో సగంమంది నోట అదే మాట. పాలబ్బాయి అంటాడు, పక్కింటావిడ అంటుంది, చివరికి మా ఆయన కూడా అంటారు. అని, సాయంత్రానికి బజ్జీలు తెప్పించుకుంటారు.

ఈ చిరాకు వెనక ఒక కథ ఉంది. ల్యాబుల్లో కొత్తగా అడుగుపెడుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. ఇందులో నీతి ఏమిటని మాత్రం అడగకండి. నాకే దొరకలేదు.

నేను పశువైద్య కళాశాలలో పాఠాలు చెబుతూ గొర్రె కండ మీద పరిశోధన చేసేదాన్ని. ఒక గొర్రె తొడ నిండుగా పెరుగుతుంది, ఇంకోటి అదే మేత తిని బక్కగా ఉండిపోతుంది. ఆ తేడా ఎక్కడ మొదలవుతుందన్నది మా ప్రశ్న. గొర్రెపిల్ల తొడ నుంచి చిటికెడు కండ తెచ్చి, దాన్ని విడగొట్టి, కణాలను ఫ్లాస్కుల్లో పెంచుతాం. వాటికి సీరం కలిపిన పోషక ద్రవం పోస్తాం. సీరమంటే రక్తం గడ్డకట్టాక మిగిలే పచ్చటి నీరు. అది దండిగా దొరికినంత కాలం ఆ కణాలు తింటాయి, రెండుగా చీలతాయి, మళ్ళీ తింటాయి. కండగా మారాలన్న ఆలోచనే వాటికి రాదు. సీరం బాగా తగ్గించి పలచటి ద్రవం పోస్తే అప్పుడు బుద్ధి వస్తుంది. చీలడం మానేసి, పక్కపక్కన వరసగా పడుకుని, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పొడుగాటి నారలవుతాయి.

ఆ మారే రోజుల్లో కణం లోపల కొన్ని జన్యువులు నోరు మూసుకుంటాయి, కొన్ని నోరు తెరుస్తాయి. మయోజెనిన్ అనేది ముందు లేస్తుంది. దాని వెనక, కండ బిగుసుకోవడానికి కావలసిన మయోసిన్ లేస్తుంది. ఏ రోజు ఏది ఎంత గట్టిగా పలికిందో కొలిచి గ్రాఫ్ గీయడమే మా పని. చెప్పడానికి ఇంతే. చేయడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

పశువుల డాక్టర్లం కదా, మేం ఆ ద్రవాన్ని "మేత" అనేవాళ్ళం. సీరం తగ్గించే దశకు ఇంగ్లీషులో ఉన్న పేరు పలికేసరికి కాఫీ చల్లారిపోతుంది. అందుకని ఎవరో దానికి "ఒక్కపొద్దు" అని పేరు పెట్టారు. నేనే పెట్టానని మా టెక్నీషియన్ అంటాడు. ఆయనకు అన్నీ గుర్తుంటాయి, జరిగినవి తప్ప. ఎవరు పెడితేనేం, ముద్దుగా ఉందని అందరికీ అలవాటైపోయింది. కణాలు పెంచే కల్చర్ రూం తలుపు మీద ఉన్న తెల్లబోర్డు మీద కూడా "ఫలానా రోజు నుంచి ఒక్కపొద్దు" అని రాసేవాళ్ళం. చూసినవాళ్ళు ల్యాబులో ఏదో వ్రతం జరుగుతోందనుకునేవారు.

టెక్నీషియన్‌ది సత్యవేడు వైపు పల్లె. మాటలో తమిళం యాస, చేతిలో మంచి పనితనం. ప్రతి శనివారం ఉపవాసముండి, మధ్యాహ్నం కొండవైపు తిరిగి దణ్ణం పెట్టుకుని ఒక్కపూట భోంచేసేవాడు. నేనూ శనివారాలు ఉండేదాన్ని, కానీ మా పుట్టింటి పద్ధతి వేరు. చంద్రగిరిలో మా అమ్మ ఒక్కపొద్దంటే అన్నం మాత్రమే మానేసి, ఇంత అరటిపండు, ఇన్ని పాలు, కాస్త అటుకులు, ఇలా రోజంతా కొంచెం కొంచెంగా నెట్టుకొచ్చేది. నాకూ అదే తెలుసు. లోకమంతా అలాగే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు.

ఇక ఈ కథంతా ఎవరి కోసమో ఆ పిల్ల. నా దగ్గర పీహెచ్‌డీకి చేరిన స్కాలర్. చిత్తూరులో రేకు పెట్టెలు చేసే ముస్లిం కుటుంబం వాళ్ళది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. ఆ ఇంట్లో ఇంత చదువు చదివిన మొదటి మనిషి. మొండిది. ప్రశ్న అడిగితే జవాబు దొరికేదాకా కూర్చుంటుంది. నేను మెచ్చుకునేదీ, నన్ను విసిగించేదీ ఆ గుణమే. తెల్లవారకముందే ల్యాబుకు వచ్చేది. ఎంత శ్రద్ధ అని నేను మురిసిపోయేదాన్ని. అందుకు నన్ను నేనే కొట్టుకోవాలి.

మొదటి విడత కణాలను నేనే పెంచి చూపించాను. పలచటి ద్రవం పోసి, మారుస్తూ, నారలు కట్టేదాకా చేశాను. గ్రాఫ్ పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు వచ్చింది. మయోజెనిన్ లేచింది, మయోసిన్ దాని వెనకే లేచింది. "ఇక నువ్వు చేసుకో" అని ఆమెకు అప్పగించాను. అప్పుడే ఆ పిల్ల ఒక ప్రశ్న అడిగింది.

"మేడం, ఒక్కపొద్దంటే మామూలు ఒక్కపొద్దేనా?"

"మామూలుదే. ఇంకేముంటుంది?" అన్నాను.

ఈ సంభాషణకు నన్ను తప్పుపట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ ప్రశ్నకు ఇప్పుడడిగినా అదే జవాబు చెబుతాను.

రెండో విడత పాడైంది. పాడైందంటే చావలేదు. చస్తే బాగుండేది, ఎందుకు చచ్చాయో వెతికేవాళ్ళం. బతికే ఉన్నాయి, కానీ ఎటూ తేల్చుకోవు. కొన్ని వరసలో పడుకుంటాయి, మళ్ళీ లేచి చీలతాయి. మయోజెనిన్ లేస్తుంది, పడుతుంది, మళ్ళీ లేస్తుంది. మయోసిన్ జాడే లేదు. మూడో విడత ఇంకో రకంగా ఊగింది. ఆ విడతలో ఎక్కువ భాగం టెక్నీషియన్ చూసుకున్నాడు, ఆ పిల్ల కోర్సు పరీక్షల్లో ఉంది.

ఇక మొదలైంది మా నరకం. సీరం బాగాలేదన్నారు, మార్చాం. జన్యువులు కొలిచే కిట్ పాతదన్నారు, కొత్తది తెప్పించాం. నీళ్ళు బాగాలేవని ఒకరు, కరెంటు పోయివస్తుంటే ఇంక్యుబేటర్ వేడి నిలవడంలేదని ఇంకొకరు. ఇంక్యుబేటర్‌కు చెన్నై నుంచి వచ్చే గ్యాసు సిలిండర్ గూడూరు దగ్గర లారీలోనే ఆగిపోయిందని ఒక వారం పోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చివరికి గొర్రె మీద కూడా అనుమానపడ్డాం. "ఎండాకాలం పుట్టిన పిల్ల గదమ్మా, దానికి బలముండదు" అన్నాడు టెక్నీషియన్. నేను దానికి కూడా తల ఊపాను. మనిషి ఎంత దిగజారుతాడో చూడండి.

ఇంతలో మా విభాగాధిపతికి ఈ గ్రాఫులు కంటపడ్డాయి. ఆయన్ని పెద్దసారు అందాం. వేలితో గీత వెంట పైకీ కిందికీ పోయి, "ఇది తప్పు కాదమ్మా, అల" అన్నారు. కండ కణానికి పగలూ రాత్రీ తెలుస్తాయట. జన్యువులు పొద్దును బట్టి లేస్తూ పడుతూ ఉంటాయట. గొర్రెలో ఇది ఎవరూ చూడలేదట. వారం తిరక్కుండా ఒక సదస్సుకు సారాంశం పంపించేశారు, పైన ఆయన పేరుతో.

నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. నెలల తరబడి తలబద్దలు కొట్టుకున్నాక ఎవరైనా వచ్చి నీ రాయి రత్నమంటే ఎవరు కాదంటారు? కానీ ఆ పిల్ల మాత్రం మూతి ముడుచుకుని, "అల అయితే రెండు విడతల్లో ఒకే మాదిరిగా రావాల గదా మేడం. ఒకదాంట్లో మధ్యాన్నం పడిపోతుంది, ఇంకోదాంట్లో రాత్రి పడిపోతుంది" అంది. నేను విసుక్కున్నాను. ఇంక ఆలోచించడానికి టైమెక్కడుంది?

నిజంగానే లేదు. ఆమె రిజిస్ట్రేషన్ గడువు ఆ నెలాఖరుతో సరి. అప్పటికి థీసిస్ ఇవ్వకపోతే పేరు కొట్టేస్తారు, ఇన్నేళ్ళ చదువు గంగపాలు. పైగా ఒక కాలేజీలో ఆమెకు ఉద్యోగం మాటైపోయింది. థీసిస్ ఇచ్చినట్టు రసీదు చూపిస్తే చేర్చుకుంటామన్నారు. వాళ్ళ నాయన దుకాణంలో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ ఈ సంగతి చెప్పేసుకున్నాడట. మిగిలిందల్లా ఆఖరి విడత కొలతలు. ఆ ఫ్లాస్కులు అప్పుడు ఒక్కపొద్దులో ఉన్నాయి.

అది రంజాను నెల. ఆ పిల్ల ఉపవాసాలుంటోంది. ఒక సాయంత్రం పొద్దు గూకే వేళకు నా గదికి వచ్చి, పొట్లంలోంచి రెండు ఖర్జూరాలు తీసి నా బల్ల మీద పెట్టింది. తనూ ఒకటి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, లేచి నిలబడింది.

"ఒక్క నిమిషం మేడం. వాటికి గూడా పెట్టేసి వస్తాను."

"వేటికి?"

"ఫ్లాస్కులకు మేడం. టైమయింది గదా."

"ఏం పెడతావు?"

"మేత. ఫుల్ సీరం."

నేను ఖర్జూరం మళ్ళీ బల్ల మీద పెట్టేశాను. "ఒక్కపొద్దులో ఉన్నవాటికి ఫుల్ సీరం ఏమిటి?"

ఆ పిల్ల నావైపు జాలిగా చూసింది. "ఒక్కపొద్దు ఇడవాల గదా మేడం. పగలంతా పలసన. పొద్దు గూకినాక ఫుల్లు. తెల్లారకముందే వచ్చి మళ్ళా పలసన పోస్తాను. అందుకే గదా నేను అంత పెందరాళే వచ్చేది."

ఉపవాసాన్ని మన సీమలో ఎవరి మతం వాళ్ళది వాళ్ళదైనా అందరూ ఒక్కపొద్దనే అంటారు. రోజా ఉన్నవాళ్ళూ తెలుగులో అదే మాట అంటారు. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసినా ఎప్పుడూ ఆలోచించలేదు.

గాజుసామాను కడుగుతున్న టెక్నీషియన్ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "ఏందమ్మా, రాత్రి పెడతా ఉండావా నువ్వు?" అని ఆ పిల్లను అడిగాడు. "నేను మధ్యాన్నం గదా పెడతా ఉండేది? నా భోజనానికి ముందు వాటికి పోసి, నేను తినొచ్చినాక తీసేస్తా ఉండాను."

"ప్రతి శనివారమా?" అన్నాను. అప్పటికి నా బుర్ర పని చేయడంలేదు.

"రోజూనమ్మా. మీరు బోర్డు మీద రాసినన్ని దినాలూ. నేను తినేసి వాటిని ఎండబెట్టేది పాపం గదా."

"ఇలా చేయమని మీకు ఎవరు చెప్పారు?"

ఇద్దరూ ఒకేసారి, "మీరే గదా" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. గొంతు పెరిగిందని తర్వాత పక్క ల్యాబువాళ్ళు చెప్పారు. ఒక్కపొద్దంటే రోజంతా పలచగా, కొంచెం కొంచెంగా పోస్తూ నెట్టుకురావడమని, మధ్యలో విందులు పెట్టడం కాదని అరిచాను. టెక్నీషియన్ నన్ను చివరిదాకా అరవనిచ్చి, నెమ్మదిగా అన్నాడు.

"అది ఒక్కపొద్దెట్లవుతాదమ్మా? అది ఫలారం."

"పగలు నీళ్ళు గూడా ముట్టకూడదు మేడం" అంది ఆ పిల్ల. "పలసన పోస్తా ఉంటే అదేం ఒక్కపొద్దబ్బా అని నాకే అనుమానంగా ఉండె. అయినా గొర్రె కణాలు ఎలకవాటంత మొండివి గావు, పూర్తిగా ఎండబెడితే అడుగునుంచి ఊడిపోతాయని సదివినాను. అందుకని మన ల్యాబు పద్ధతి ఇట్ల పెట్టుకున్నారేమో అనుకున్నా."

"నన్ను అడగొచ్చు కదా?"

"అడిగినాను గదా మేడం. మామూలుదే అన్నారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముగ్గురం మూడు ఒక్కపొద్దులు పట్టాం. ఆకలైన కణం కండ కావడానికి సిద్ధమవుతుంది, మయోజెనిన్ లేస్తుంది. ఇంతలో ఒకరు వచ్చి కడుపునిండా పెడతారు, అది తినేసి మళ్ళీ చీలడానికి పోతుంది. ఆ పిల్ల చేతిలో అది రాత్రి, టెక్నీషియన్ చేతిలో మధ్యాహ్నం. పెద్దసారు చెప్పిన అల కణానిది కాదు, మా భోజనాల వేళలది. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. నేను విసుక్కోకుండా ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం ఇప్పుడు దండగ.

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మా ఆయన "శనివారం కాదే" అన్నారు. ఆయన్ని ఏమన్నానో రాయను.

మరుసటి రోజు ముగ్గురం పెద్దసారు గదికి వెళ్ళాం. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన అంతా విని, కళ్ళజోడు తుడుచుకుని, "అయితే ఏమంటారు?" అన్నారు.

"అల లేదు సార్. మేత వేళలు మార్చి పోశాం. పాత గ్రాఫులు పనికిరావు."

"గ్రాఫ్ వచ్చిందా లేదా? పైకి పోయింది, కిందికి దిగింది. మనం గీయలేదు కదా, మిషను గీసింది. నెలాఖరుకు థీసిస్ ఇవ్వాలి. సారాంశం అచ్చుకు పోయింది. పద్ధతుల అధ్యాయంలో 'సీరం తగ్గించడమైనది' అని ఒక్క వాక్యం రాయండి. తగ్గించారు కదా? అబద్ధమేముంది?"

ఆయన మాటలో ఒక్కో ముక్క విడిగా చూస్తే నిజమే. అదే నా ఒళ్ళు మండించింది. టెక్నీషియన్ వైపు తిరిగి, "నువ్వు మధ్యలో ఏం పోశావో నీకు సరిగా గుర్తుందా?" అన్నారు. గుర్తులేదంటే చాలు, పని అయిపోతుందన్న అర్థం ఆ గొంతులో వినిపించింది.

"గుర్తుండాది సార్" అన్నాడు టెక్నీషియన్. "నేను పోసినానని నేనే రాసిస్తాను కావాలంటే."

పెద్దసారు ఆ పిల్ల వైపు చూశారు. "నీ చదువమ్మా. నీ ఉద్యోగం. నువ్వు చెప్పు."

ఆ పిల్ల తలవంచుకుంది. ఆమె ఊ అంటే నేను కాదనగలనా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. అనగలనని గట్టిగా చెప్పలేను. ఆ నెలాఖరు తారీఖు నాకూ కనబడుతోంది, రేకు పెట్టెల దుకాణంలో కూర్చున్న ఆ తండ్రీ కనబడుతున్నాడు.

"నేను ఒక్కపొద్దుతో ఉండాను సార్" అంది చివరికి. "అబద్ధం రాయమంటే ఎట్ల?"

"సరే, ఒక్కపొద్దు విడిచినాక రాయి."

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగా అదొక మార్గమనుకునే అన్నారు. నా ఉద్యోగ జీవితంలో అంత సహాయకరంగా ఇచ్చిన అంత దిక్కుమాలిన సలహా ఇంకొకటి వినలేదు.

"రాత్రి రాసినా అది అబద్ధమే గదా సార్" అంది ఆ పిల్ల.

అంతే. గట్టిగా కూడా అనలేదు. నమస్కారం పెట్టి బయటికి వెళ్ళిపోయింది. నేను వరండాలో చూసేసరికి గోడకు ఆనుకుని ఏడుస్తోంది. టెక్నీషియన్ కొంచెం దూరంలో నిలబడి, "ఊరుకోమ్మా, ఊరుకో" అంటూ, ఏం చేయాలో తెలియక తన చేతిరుమాలు మడిచి విప్పి మడుస్తున్నాడు. నాకు ఆ పిల్లను చూస్తే గర్వంగా ఉంది, ఒళ్ళు మంటగా ఉంది, దిగులుగా ఉంది. ఏది ముందు పడాలో తెలియక ముగ్గురికీ కాఫీ తెమ్మని పురమాయించబోయి, ఆమె ఉపవాసమని గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాను.

గడువు పొడిగించమని అర్జీ పెట్టాలి. పెద్దసారు సంతకం పెట్టనన్నారు. నేను పరిపాలనా భవనం చుట్టూ తిరిగాను. ఒక కిటికీ దగ్గర ఇంకో కిటికీకి పొమ్మన్నారు, అక్కడ మొదటి కిటికీకే పొమ్మన్నారు. ఆలస్యానికి కారణం ఒక వాక్యంలో చెప్పమన్నాడు గుమాస్తా. నేను అలసటలో "ఒక్కపొద్దు వల్ల" అనేశాను.

ఆయన పెన్ను మూసేశాడు. "రంజానుకు పొడిగింపు ఇయ్యరు మేడం. శనివారాలకు గూడా ఇయ్యరు. అట్లిస్తే ఈ ఊర్లో ఎవురూ చదువు ముగించరు."

అది విని అక్కడే బెంచీ మీద కూర్చుని నవ్వాను. చాలాసేపు నవ్వాను. గుమాస్తా భయపడి పై అధికారి దగ్గరికి పంపించాడు. ఆయన వయసులో చిన్నవాడు, అంతా విన్నాడు. "కణాలను సరిగా పెంచలేదు, మళ్ళీ పెంచాలి అని రాయండి. అది నిజం కదా?" అన్నాడు. నిజమే. ఇన్ని రోజుల్లో మా ఎవరి బుర్రకూ తట్టని వాక్యం అది. పెద్దసారు సంతకం లేకుండానే ఆరు నెలలు ఇచ్చారు, ఫెలోషిప్ లేకుండా.

ఆ ఉద్యోగం మాత్రం ఆగలేదు. ఆ కాలేజీవాళ్ళు ఇంకొకరిని చేర్చుకున్నారు. ఆ పిల్ల పొద్దున పశువుల ఆసుపత్రిలో రోజువారీ పని చేసి, మధ్యాహ్నం ల్యాబుకు వచ్చేది. వాళ్ళ నాయన ఒకసారి వచ్చి నా గదిలో కూర్చుని, "తప్పు ఎవురిది మేడమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ఆయనే చెయ్యూపి, "పోనీండి, మా పిల్ల రాసేదానికి ఒప్పుకోలేదంట గదా. అది ముందు చెప్పింది నాకు. ఉద్యోగం పోయినది తరవాత చెప్పింది" అన్నాడు. ఆయన ఆ మాట చెబుతున్నప్పుడు కళ్ళు తుడుచుకోలేదు, కానీ నేను తుడుచుకున్నాను.

బోర్డు మీద ఒక్కపొద్దన్న మాట చెరిపేశాం. దాని బదులు "పలచ మేత, వేరే ఏదీ పోయరాదు" అని రాశాను. ఆ అక్షరాల కింద నేనే మూడు గీతలు గీశాను. టెక్నీషియన్‌కు మధ్యాహ్నం కాగానే చెయ్యి ఊరుకునేది కాదు. ఇంక్యుబేటర్ తలుపు దాకా పోయి, బోర్డు చూసి, గొణుక్కుంటూ వెనక్కి వచ్చేవాడు. ఆ గొణుగుడులో నా పేరు కూడా ఉండేదని నా అనుమానం.

ఈసారి పెంచుతున్నవి ఫ్రీజర్‌లో మిగిలిన ఆఖరి కణాలు. పాడైతే మళ్ళీ గొర్రె దగ్గరి నుంచి మొదలుపెట్టాలి, ఆరు నెలల్లో అది కుదరదు. వారం పైన గడిచాక ఒక మధ్యాహ్నం ఆ పిల్ల మైక్రోస్కోప్ దగ్గర చాలాసేపు కదలకుండా కూర్చుంది. మళ్ళీ ఏదో చెడిందనుకున్నాను. ఆమె లేచి టెక్నీషియన్‌ను కూర్చోబెట్టింది. ఆయన ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత రెండు కళ్ళూ తెరిచి చూశాడు.

"కదలతా ఉండాయమ్మా" అన్నాడు.

నారలు కట్టాయి. కట్టడమే కాదు, అక్కడక్కడా వాటంతటవే చిన్నగా బిగుసుకుని వదులవుతున్నాయి. కండ చేసే పని కండ చేస్తోంది. కొలిచి చూస్తే మయోజెనిన్ లేచింది, దాని వెనక మయోసిన్ లేచింది, ఎక్కడా పడలేదు. అదేమీ కొత్త సంగతి కాదు. ఎలకలో ఎన్నడో తేల్చారు. మేం గొర్రెలో తేల్చాం, అంతే. కొండను తవ్వి ఎలుకను పట్టామనుకున్నా ఫరవాలేదు. నేను ఆ రోజు ముగ్గురికీ కాఫీ తెప్పించి నా డబ్బుతో మైసూర్‌పాకు కూడా పెట్టాను.

వైవాకు, అంటే థీసిస్ మీద జరిగే నోటి పరీక్షకు, వేరే రాష్ట్రం నుంచి పెద్ద శాస్త్రవేత్త ఒకాయన వచ్చారు. ఆ పిల్ల పాత గ్రాఫులను పారేయలేదు. వాటిని కూడా థీసిస్ చివర ఒక అనుబంధంగా పెట్టి, ఏ వేళ ఏం పోశారో రాసింది. పెద్దసారు అది తీసేయమన్నారు. ఆమె తీయలేదు. సదస్సుకు పోయిన సారాంశాన్ని అంతకుముందే నేను కిందామీదా పడి వెనక్కి తెప్పించాను, అందుకు ఆయన నాతో మాటలు మానేశారు. నాకు అదొక్కటే కలిసొచ్చింది.

ఆ శాస్త్రవేత్త అనుబంధం దగ్గర ఆగిపోయారు. పేజీ వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, నవ్వారు.

"మా ల్యాబులోనూ ఇలాంటి అల ఒకటి వచ్చిందమ్మా. సీరం మధ్యలో ఎవరో మార్చి పోస్తున్నారని చాలా కాలం తర్వాత తెలిసింది."

"అప్పుడు ఏం చేశారు సార్?" అంది ఆ పిల్ల.

"ఏం చేస్తాం? అప్పటికే అచ్చయిపోయింది." ఆయన మళ్ళీ నవ్వారు. పెద్దసారు కూడా నవ్వారు. గదిలో ఉన్నవాళ్ళు చాలామంది నవ్వారు.

ఆ పిల్ల నవ్వలేదు. "ఇప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు గదా సార్" అంది.

పట్టా ఇవ్వవలసిన మనిషితో ఎవరైనా అలా అంటారా? ఆయన పెన్ను మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు. "తీసుకోవచ్చు. తీసుకోవాలి" అన్నారు. తర్వాత ఎక్కడ సంతకం పెట్టాలో అక్కడ పెట్టారు.

ఆ పిల్ల డాక్టరైంది. ఇప్పుడు ఇంకో ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది, పిల్లలకు పాఠాలు చెబుతోంది. నాకు పొద్దుపోక అప్పుడప్పుడూ వైవాకు వచ్చిన ఆ శాస్త్రవేత్త పేపరు కోసం కంప్యూటర్‌లో వెతుకుతుంటాను. వెనక్కి తీసుకోలేదు, ఇంకా అక్కడే ఉంది. మొన్న చూస్తే, దాన్ని ఆధారం చేసుకుని ఎవరో కొత్త పిల్లలు ఇంకో పేపరు రాశారు.